కిష్టవ్వ సవతికి కొబ్బరినూనె

కిష్టవ్వకు ఒక సవతి ఉంది. బరువు కిలోకు కొంచెం ఎక్కువ, పొడవు జానెడున్నర, ఒళ్లంతా ఇనుము, పట్టుకునేచోట చెక్క. గోదావరిఖనిలో బొగ్గుబావుల కాలనీ చివర, వంటింటి గోడను ఆనుకుని ఉన్న ఇనుప బీరువాలో ముప్పై ఏళ్లుగా కాపురం చేస్తోంది. ఆ బీరువా తాళంచెవి ఆమె భర్త కొమురెల్లి మొలతాడుకు వేలాడుతుంది. కిష్టవ్వ పట్టుచీర మాత్రం తాళం లేని రేకు పెట్టెలో, కలరా ఉండల మధ్య పడి ఉంటుంది.

సవతి అంటే రివాల్వర్. కొమురెల్లి తాత కొండగట్టు దగ్గరి ఊళ్లో నిజాం కాలపు పోలీస్ పటేల్. పటేల్‌గిరీ పోయింది, భూమి పంపకాల్లో చాపంత మిగిలింది, రివాల్వర్ ఒక్కటే చెక్కుచెదరలేదు. తాత నుంచి తండ్రి మొండయ్యకు, మొండయ్య నుంచి కొమురెల్లికి లైసెన్సుతో సహా వచ్చింది. మొండయ్య దినాలయ్యాక అన్నదమ్ములిద్దరూ కూర్చుని పంచుకున్నప్పుడు తమ్ముడు ఎడ్లబండి తీసుకున్నాడు, కొమురెల్లి దీన్ని తీసుకున్నాడు.

"ఎడ్లన్న బండి గుంజుతయి. గిదేం గుంజుతది?" అని కిష్టవ్వ ఆ రోజే అడిగింది. కొమురెల్లి దాన్ని ధోవతి అంచుతో తుడిచి మొలలో దోపుకున్నాడు.

పైగా అది పాతకాలపు రివాల్వర్. ఇప్పటివాటిలా ట్రిగ్గర్ నొక్కుకుంటూ పోతే పేలదు. ప్రతి గుండుకూ వెనకనున్న ఘోడాను, అంటే గుర్రం తలలాంటి ఇనుప కొక్కేన్ని, బొటనవేలితో గుంజి నిలబెట్టాలి. అప్పుడు తూటాలుండే చక్రం ఒక గది తిరుగుతుంది. ఆ తర్వాతే ట్రిగ్గర్. చక్రంలో గదులు ఆరు, నింపేది ఐదే. ఘోడా వాలి ఉండే గది ఖాళీగా ఉండాలి, లేకపోతే చెయ్యి జారి కింద పడినా పేలే గుణం దానిది. అందుకని ఒకటి వేసి, ఒకటి వదిలి, నాలుగు వేసి, ఘోడాను పూర్తిగా గుంజి మెల్లగా దించాలి. కొమురెల్లి ఈ మాటలను పిల్లల ఎక్కంలా వల్లిస్తాడు. ఇంటికి ఎవరొచ్చినా చాయ్ కంటే ముందు ఈ ఎక్కం వినాల్సిందే. విన్నవాళ్లు రెండోసారి రావడం తక్కువ.

ఇక దాని సేవలు చూడాలి. నెలకోసారి పాత చాప పరిచి, రివాల్వర్ విప్పి, ఒక్కో ముక్కనూ వరసగా పేరుస్తాడు. చక్రాన్ని కిరసనాయిల్‌లో నానబెట్టడానికి కిష్టవ్వ పప్పుగిన్నె కావాలి. గొట్టం లోపల తుడవడానికి ఆమె జాకెట్ ముక్కలే కావాలి, బనీను గుడ్డ పీచు వదులుతుందట. చక్రం మధ్యలో దూరే ఇరుసును తోమడానికి పళ్ల బ్రష్షు కావాలి. ఆ బ్రష్షు ఎవరిదో కిష్టవ్వకు రెండు రోజుల తర్వాత నోట్లో కిరసనాయిల్ వాసన వచ్చాక తెలిసింది. ఆ వారమంతా కొమురెల్లికి కూరలో ఉప్పు పడలేదు.

ఎన్నికలొస్తే మాత్రం ఆమెకు పండగ. ఓట్లు పడేదాకా లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. "మా సవతి పుట్టింటికి పోయింది" అని కిష్టవ్వ వాడంతా చెప్పుకుని ఆ నెలరోజులూ బీరువా మీద గునుగు పూలు పెట్టి అలంకరించేది. కొమురెల్లి మాత్రం వారానికొకసారి మిషన్ నూనె సీసా పట్టుకుని స్టేషన్‌కు వెళ్లి, స్టోర్‌గదిలో చెమ్మ ఉందేమోనని కానిస్టేబుళ్ల ప్రాణం తీసేవాడు. అసెంబ్లీ, పార్లమెంటు, పంచాయతీ, మున్సిపాలిటీ అన్నీ కలిపి ఈ దేశంలో ఎన్నికలు ఎక్కువేనని ఆ ఇంట్లో ఒకరు సంతోషించేవారు, ఒకరు ఏడ్చేవారు.

ఇంతవరకు చదివి కిష్టవ్వ గయ్యాళి అనుకుంటే పొరపాటు. గయ్యాళే, కానీ ఆమెకు ఒక కారణం ఉంది.

ఇరవై ఏళ్ల కింద బావిలో బొగ్గుడబ్బాలు గుంజే తాడు కప్పీలో కొమురెల్లి కుడిచెయ్యి చిక్కింది. గ్రీజు పెడుతూ చేతి తొడుగు విప్పడం మరిచిపోయాడు. తప్పు ఎవరిదీ కాదు, ఆయనదే. చిటికెనవేలు, దాని పక్కవేలు పోయాయి. మిగిలిన మూడూ చెక్కల్లా బిగుసుకుపోయాయి. ఆస్పత్రిలో రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నారు. కొమురెల్లి దాన్ని ఒకరోజు పిసికి పారేశాడు. ఫిట్టర్ పనికి పనికిరాని చెయ్యిని దుప్పటి కింద దాచుకుని, గోడకేసి తిరిగి పడుకున్నాడు. అన్నం ఎడమచేత్తో తినడం చూడలేక కిష్టవ్వ వంటింట్లోకి వెళ్లి ఏడ్చేది.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన బీరువా తెరిచి ఖాళీ రివాల్వర్ తీశాడు. కిష్టవ్వ చేతిలో చేట వదిలేసి పరుగెత్తుకొచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. కొమురెల్లి మంచం మీద కూర్చుని, ఘోడా పడేచోట చెప్పుతోలు ముక్క అడ్డంపెట్టి, ఆ మొండి చేతి బొటనవేలితో ఘోడాను గుంజుతున్నాడు. మొదటి రోజు రాలేదు. నాలుగో రోజు సగం వచ్చింది. వారానికి టిక్ మంది. ఆ తర్వాత రోజూ సాయంత్రం చాయ్ తాగాక టిక్, టిక్ అని రెండు వందల సార్లు గుంజడం ఆయనకు అలవాటైంది. అది కాగానే కిష్టవ్వ కొబ్బరినూనె వెచ్చజేసి ఆ చెయ్యి తోమేది. ఆరు నెలలకు ఆ చెయ్యి గ్లాసు పట్టింది, ఏడాదికి అన్నం కలిపింది. కంపెనీ ఆయనకు పైన లాంప్‌రూంలో దీపాలు అందించే పని ఇచ్చింది. మూడేళ్ల కింద అక్కడే రిటైరయ్యాడు.

మగని చెయ్యిని తిరిగి తెచ్చింది తానేనని కిష్టవ్వ అనుకుంటుంది. సవతికి అందులో సగం వాటా ఉందన్న సంగతి కూడా ఆమెకు తెలుసు. కోపం అక్కడే.

రిటైరయ్యాక కొమురెల్లికి కౌబాయ్ పిచ్చి పట్టింది. ఆదిలాబాద్ అవతల మహారాష్ట్ర రోడ్డు పక్కన ఒక పాత రాళ్ల క్వారీలో లైసెన్సు తుపాకులున్న పదిమంది కలిసి షూటింగ్ క్లబ్బు పెట్టుకున్నారు. ఏటా డిసెంబర్ ఆఖరి ఆదివారం కౌబాయ్ తరహా పోటీ పెడతారు. టోపీ ఉండాలి, బూట్లుండాలి, నడుముకు తోలుపట్టా ఉండాలి, పాతకాలపు రివాల్వరే ఉండాలి. ప్రతివాడూ ఒక మారుపేరు కూడా పెట్టుకోవాలి, పలకమీద అదే రాస్తారు. అన్నిటికంటే కొమురెల్లికి ఇదే నచ్చింది. కొండగట్టు మెట్లకింద అంగడిలో కౌబాయ్ టోపీ కొన్నాడు. అది పిల్లల సైజు కాబట్టి నెత్తిమీద నిలబడుతుంది గానీ కూర్చోదు. బూట్ల బదులు బావిలో వేసుకున్న గంబూట్లు. తోలుపట్టా బదులు నెత్తిమీది క్యాప్‌ల్యాంప్ దీపం బ్యాటరీ కట్టుకున్న పాత బెల్టు. మారుపేరు బ్లాక్ డైమండ్.

"నలుపొక్కటే నిజం. డైమండ్ సంగతి నన్నడుగుమను" అంది కిష్టవ్వ.

రెండేళ్లు పోటీకి వెళ్లి రెండేళ్లూ ఆఖరి స్థానంలో వచ్చాడు. వచ్చి, ఆఖరు నుంచి మొదటివాడినని చెప్పుకున్నాడు.

మూడో ఏడు దసరాకు పదిరోజుల ముందు నోటీసు వచ్చింది. లైసెన్సుల ఆఫీసులో కొత్త అధికారి వచ్చాడు. వారసత్వంగా వచ్చి ఇళ్లలో ఊరికే పడి ఉన్న ఆయుధాలను శాశ్వతంగా అప్పగించాలని, క్రీడ కోసం వాడుతున్నామనేవాళ్లు పోటీలో అర్హత సాధించినట్టు క్లబ్బు పత్రం డిసెంబర్ ముప్పై ఒకటి లోపల తెచ్చి చూపాలని అందులో ఉంది. క్లబ్బు లెక్కలో అర్హత అంటే ఐదు గుండ్లలో మూడు తగలాలి. కొమురెల్లికి రెండేళ్లలో కలిపి తగిలినవి రెండు.

కిష్టవ్వకు ఎగిరి గంతేయాలనిపించింది. ముప్పై ఏళ్ల మొక్కు తీరబోతోంది. సవతి పుట్టింటికి పోతే ఈసారి తిరిగి రాదు. ఆ రోజు సాయంత్రం చాయ్ ఇచ్చి, గిన్నెలు తోముతూ కూర్చుంది. కొమురెల్లి చాయ్ తాగాడు, గ్లాసు కింద పెట్టాడు, గోడకేసి తిరిగి పడుకున్నాడు. కుడిచెయ్యి దుప్పటి కింద ఉంది. ఇంట్లో టిక్ అనే చప్పుడు లేదు. తోమిన గిన్నెనే కిష్టవ్వ మూడుసార్లు తోమింది.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఐదోరోజు ఆమె నోరు విప్పింది.

"ఏమయ్యా, పొద్దుగూకులు గట్ల పంటె గుండ్లు తాకుతయా? లేసి గా టిక్కుటిక్కు కొట్టుకో. నాకు ఇల్లు ఇల్లు లెక్క లేదు."

కొమురెల్లి లేచి కూర్చుని ఆమెను వింతగా చూశాడు. "నీకు గా సప్పుడంటె పడదంటివి గద?"

"పడదు. గని కొట్టు."

దసరా వచ్చింది. బొగ్గుబావుల ఊళ్లో దసరా అంటే ఆయుధపూజే. బావుల్లో యంత్రాలు ఆగుతాయి, ఇళ్లలో సైకిలు నుంచి రోకలిదాకా అన్నిటికీ బొట్టు పడుతుంది. కిష్టవ్వ ఏటా కత్తిపీటకు, గడ్డపారకు, గ్రైండర్‌కు, చివరికి సెల్‌ఫోన్ ఛార్జర్‌కు కూడా పసుపుకుంకుమ పెట్టేది. కొమురెల్లి వరసలో తెచ్చిపెట్టిన రివాల్వర్‌ను మాత్రం దాటేసి పక్కనున్న సుత్తికి పెట్టేది. ముప్పై దసరాలు అలాగే దాటేసింది.

ఈసారి కొమురెల్లి జమ్మికి వెళ్లాక ఆమె పీటముందు ఒంటరిగా కూర్చుంది. గొట్టానికి పసుపు రాసింది. చక్రం చుట్టూ ఆరు గదులకూ ఆరు కుంకుమ బొట్లు పెట్టింది.  ఇరవై ఏళ్లుగా మొండి కీళ్లకు తాను చేసే వైద్యం ఒకటే. కొబ్బరినూనె వెచ్చజేసి తెచ్చింది. ఘోడా సందులో ఒక చెంచా, చక్రం ఇరుసు దగ్గర ఒక చెంచా పోసి, వేళ్లతో బాగా ఇంకేలా రాసింది.

"సూడే సవతీ, ఈ ఒక్కపారి మా ఆయన మానం కాపాడు. ఎనుకటి ముచ్చట్లు మనం మనం తర్వాత సూసుకుందం" అంది. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, నాకెలా తెలిసిందని అడక్కండి.

కొమురెల్లి జమ్మి ఆకుతో తిరిగొచ్చి, రివాల్వర్‌ను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాడు. ఆ తర్వాత రెండున్నర నెలలు టిక్కుటిక్కు బాగానే సాగింది. ఎందుకు సాగదు, బీరువా వెనకే వంటింటి గోడ, గోడ అవతల పొద్దస్తమానం బొగ్గుపొయ్యి. ఆ గోడమీద చలికాలంలో పిల్లి కూడా నిద్రపోతుంది. వెచ్చటి బీరువాలో కొబ్బరినూనె నూనెలాగే ఉంది.

డిసెంబర్ ఆఖరి శనివారం ఇద్దరూ బస్సెక్కి ఆదిలాబాద్ వెళ్లారు. తానూ వస్తానని కిష్టవ్వ ముందే పట్టుబట్టింది. క్లబ్బు కార్యదర్శి శ్యాంసుందర్ రిటైరైన డ్రిల్లు మాస్టారు, మనిషి మంచివాడు, విజిల్ మెడలో లేకపోతే నిద్రపట్టదు. నిబంధన ప్రకారం తుపాకులన్నీ ముందురోజే తీసుకుని క్వారీలోని రేకుల గదిలో, ఇనుప పెట్టెలో పెట్టి, కాపలా ఉంచాడు. వీళ్లిద్దరినీ తన ఇంట్లో పడుకోబెట్టాడు.

ఆదిలాబాద్ చలి సంగతి ఆదిలాబాద్ వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు, మిగతావాళ్లు పళ్లు కొరుక్కుంటూ వింటారు. ఆదివారం పొద్దున్న క్వారీకి చేరేసరికి గడ్డి తెల్లగా ఉంది. పోటీదారులు పన్నెండు మంది టోపీలు, బూట్లు వేసుకుని, పైన మంకీ క్యాపులు, శాలువాలు కప్పుకుని చలికి ముడుచుకుని నిలబడ్డారు. అంత చలిలో కౌబాయ్‌లు ఆవులు కాసేవాళ్లలాగే కనిపించారు. కొంచెం దూరంలో అనసూర్య అనే ఆవిడ బండిమీద పెద్ద ఇత్తడి కెటిల్‌లో చాయ్ కాస్తోంది.

గుట్ట అడుగున ఐదు బొమ్మలు నిలబెట్టారు. బందిపోట్ల బొమ్మలు నిర్మల్‌లో చేయించారు. నిర్మల్ చిత్రకారుడి చెయ్యి అలవాటు పోతుందా, ఐదుగురికీ చెంపలు గులాబీ రంగు, కళ్లు చెవుల దాకా, మీసాలు నూనె పెట్టి దువ్వినట్టు ఉన్నాయి.

"దొంగలు గిట్ల పెండ్లికొడుకుల లెక్కుంటె ఎట్ల కొడుతరు? పాపం" అంది కిష్టవ్వ.

"కొట్టకుంటె నా లైసెన్సు పాపం" అన్నాడు కొమురెల్లి.

ఆయన వంతు మూడోది. శ్యాంసుందర్ విజిల్ వేసి "బ్లాక్ డైమండ్" అని పిలిచాడు. కొమురెల్లి గంబూట్లతో టపటపా వెళ్లి బల్లముందు నిలబడ్డాడు. తూటాలు వేసుకోవడానికి చక్రం పక్కనున్న చిన్న తలుపు తెరిచి, చక్రం వదులయ్యేలా ఘోడాను సగానికి గుంజబోయాడు. అది కదల్లేదు. రెండుచేతులతో గుంజాడు. నలుసంత కదిలి ఆగిపోయింది. చక్రాన్ని తిప్పబోతే సిమెంటు పోసినట్టు ఉంది. చలికి ఆయన మొండి చెయ్యి కూడా నీలంగా బిగుసుకుపోయింది.

కరీంనగర్ నుంచి వచ్చిన నిరంజన్ పక్కనే ఉన్నాడు. గ్రానైట్ వ్యాపారి, విదేశీ రివాల్వర్, మోకాళ్లదాకా తోలుబూట్లు, మారుపేరు రాయల్ రైడర్.

"ఏందన్నా, నీ గుర్రం ఇంక నిద్ర లేవలేదా?" అన్నాడు. అందరూ నవ్వారు.

శ్యాంసుందర్ నవ్వలేదు. "కొమురెల్లన్నా, ఒక్క పని చేస్త. నీ వంతు ఆఖరికి ఏస్త. ఇప్పుడు ఆఖరు వంతు నిరంజన్‌ది, గాయిన కొట్టుడు అయ్యేలోపట నీది తయారుగాకుంటె పేరు కొట్టేసుడే. గంతకన్న నేనేం చెయ్యరాదు."

కొమురెల్లి రివాల్వర్ పట్టుకుని పక్కకొచ్చి రాయిమీద కూలబడ్డాడు. కిష్టవ్వ దగ్గరికి వెళ్లింది. దగ్గరికి వెళ్లగానే ఆమె ముక్కుకు ఒక వాసన తగిలింది. రోజూ తన నెత్తిలో ఉండే వాసనే. సంచిలో చెయ్యిపెట్టి తన కొబ్బరినూనె డబ్బా బయటికి తీసి తలకిందులు చేసింది. చుక్క రాలలేదు. లోపల నూనె వెన్నముద్దలా తెల్లగా గడ్డకట్టి ఉంది.

 ముప్పై ఏళ్లు ఆ ముండ చావాలని మొక్కుకుంది, అప్పుడు దేవుడు వినలేదు. బతకాలని ఒక్కసారి మొక్కుకుంటే తానే చేతులారా గొంతు నొక్కేసింది. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆయన చెయ్యి మళ్లీ దుప్పటి కిందికి పోతుంది, అంతే. ఆమె వల్ల కాలేదు.

"నేనే పోసిన" అంది. "దసర నాడు. కొబ్బరినూనె. నీ చేతికి మంచిగైంది గదా, దీనిక్కూడ మంచిగైతదనుకున్న."

కొమురెల్లి తిట్టలేదు, ఆశ్చర్యపోలేదు. "ఊ" అన్నాడు. ఆ ఊ ఏమిటో ఆలోచించే తీరిక అప్పుడు ఆమెకు లేదు. ఒకప్పుడు కప్పీలకు, మోటార్లకు ఏ కాలానికి ఏ గ్రీజో చెప్పిన ఫిట్టర్, చేతిలో పనిముట్టు పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. కిష్టవ్వకు ఒళ్లు మండింది. చలికాలంలో గడ్డకట్టిన నూనెను ఏం చేయాలో తెలియని ఆడది తెలంగాణలో ఉండదు.

"ఇటు తే" అని చెయ్యి చాచింది.

విజిల్ మోగింది. శ్యాంసుందర్ పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, లైసెన్సున్నోళ్లు తప్ప ఎవ్వరు ముట్టద్దు. రూలు."

"నేను ముట్ట సారూ. నోరు పెట్టుటానికి లైసెన్సు అక్కర లేదు గద?" అని కిష్టవ్వ భర్త వైపు తిరిగింది. "లే. గా చాయ్ బండి కాడికి నడువు."

అనసూర్య కెటిల్ మీది మూత తీయబోతోంది. కిష్టవ్వ ఆపింది. "చెల్లె, జర సేపు చాయ్ పొయ్యకు. మా ఆయిన నీ కెటిల్‌ను అలుముకుంటడు, ఏమనుకోకు."

"అలుముకోనియ్ అక్కా, మా ఇంట్ల ఎవ్వల్లేరు సూసెటోళ్లు" అంది అనసూర్య.

కొమురెల్లి ఖాళీ రివాల్వర్‌ను కెటిల్ పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. శ్యాంసుందర్ పక్కనే నిలబడి గొట్టం గుట్టవైపే ఉందా అని కనిపెట్టుకుని ఉన్నాడు. "పలటాయించు. ఎనుకకు. గా ఇరుసు కాడ ఆనియ్యి" అని కిష్టవ్వ రొట్టె కాల్పిస్తున్నట్టు చెబుతూనే ఉంది. వెనక తుపాకులు పేలుతున్నాయి. నాలుగోవాడు, ఐదోవాడు, ఎనిమిదోవాడు అయిపోయారు. తొమ్మిదోవాడి దగ్గర రివాల్వర్ కింద ఎర్రటి చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. కుంకుమ, పసుపు, కొబ్బరినూనె కలిసి కెటిల్ మీదుగా కారాయి. క్వారీ అంతా గుడి వాసన కమ్ముకుంది.

"పిన్ను తీయ్" అంది కిష్టవ్వ. ఇరుసు మెల్లగా ఊడి వచ్చింది. చక్రం ఆయన అరచేతిలో పడింది. తుడవడానికి గుడ్డ లేదు. కిష్టవ్వ తన చీరకొంగు పళ్లతో కొరికి జానెడు చించి ఇచ్చింది. అది జాకెట్ ముక్క కంటే మంచిదని కొమురెల్లి అన్నాడు, ఆ స్థితిలో కూడా. శ్యాంసుందర్ తన తుపాకి నూనె రెండుచుక్కలు పోశాడు. నిరంజన్ ఐదో గుండు పేలుతుండగా కొమురెల్లి చక్రం బిగించి, ఘోడాను గుంజి దించాడు. టిక్ మంది.

కిష్టవ్వ ఇరవై ఏళ్లుగా విన్న చప్పుడు అది. ఇంత హాయిగా ఎప్పుడూ వినపడలేదు.

"బ్లాక్ డైమండ్" అని పలకమీది పేరు పిలిచారు. నిరంజన్ ఐదుకు ఐదూ కొట్టి, తోలుబూట్లు దులుపుకుంటున్నాడు.

ఒకటి వేసి, ఒకటి వదిలి, నాలుగు వేశాడు. ఘోడా గుంజి మెల్లగా దించాడు. విజిల్ మోగింది. మొదటి గుండు గుట్టకు తగిలి మట్టి లేచింది. రెండోదానికి ఎడమవైపు దొంగ పడ్డాడు. మూడోది ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. నాలుగోదానికి మధ్యవాడు పడ్డాడు. ఇంకొక్కటే మిగిలింది. కిష్టవ్వ కళ్లు మూసుకోలేదు. ఆమె బొమ్మను చూడటం లేదు, ఆ మూడువేళ్ల చెయ్యినే చూస్తోంది. కెటిల్ వేడికి అది ఎర్రబడి, కుంకుమ పూసుకుని, మెత్తగా కదిలింది. బొటనవేలు ఘోడాను గుంజింది.

పేలింది. కుడివైపు చివరనున్న దొంగ పడలేదు. మీసం దగ్గర చిల్లుపడి, తాగినవాడిలా ఊగాడు. ముందుకు ఊగాడు, వెనక్కి ఊగాడు. "పడురా నీ పాడుగాను" అంది కిష్టవ్వ. ఆమె నోటికి జడిసినట్టు వెల్లకిలా పడిపోయాడు.

శ్యాంసుందర్ "మూడు" అని అరిచి, "చాంగ్లా, చాంగ్లా" అని తనలో తాను మరాఠీలో మెచ్చుకుంటూ పత్రం మీద సంతకం చేశాడు. కొమురెల్లి ఆ ఏడు కూడా ఆఖరి స్థానంలోనే వచ్చాడు. ఆయన టోపీ ఎగరేసిన తీరు చూసినవాళ్లెవరూ ఆ మాట నమ్మరు.

రివాల్వర్‌ను శుభ్రం చేసి పెట్టెలో పెట్టాక, ఇద్దరూ అనసూర్య బండి దగ్గర చాయ్ గ్లాసులతో కూర్చున్నారు. ఎండ కొంచెం పైకి వచ్చింది. అప్పుడు కిష్టవ్వకు ఆ ఊ గుర్తొచ్చింది.

"ఏమయ్యా, నేను నూనె పోసిన్నంటె నువ్వు పరేషాన్ గాలే. నీకు ముందుగాలనే ఎర్కనా?"

కొమురెల్లి చాయ్ ఊదుకున్నాడు. "జమ్మికి పొయ్యొచ్చి పట్టుకోంగనే వాసనొచ్చింది."

"మరి తుడువద్దా? ఫిట్టర్‌వి గదా? నూనె గడ్డకడుతదని తెల్వదా?"

"తెలుసు. గొట్టం తుడిసిన, మిగిలింది ఇడిసిపెట్టిన."

"ఎందుకు?"

ఆయన గ్లాసు ఎడమచేతికి మార్చుకుని, కుంకుమ అంటిన కుడిచెయ్యిని చూసుకున్నాడు.

"ముప్పయ్యేండ్ల సంది దాన్ని దాటేసుకుంటనే పోతివి. గా దినం ఆరు గదులకు ఆరు బొట్లు పెట్టినవు. నీ చెయ్యి పెట్టింది తుడువబుద్ధి గాలే, కిష్టవ్వా."

కిష్టవ్వ తిట్టబోయి, చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. పెళ్లైనప్పటినుంచి ఇలా జరగడం ఇదే మొదటిసారి. ముఖం తిప్పుకుని, చిరిగిన కొంగుతో కళ్లు తుడుచుకుంది. లైసెన్సు పోతుందని తెలిసీ, చెయ్యి పోతుందని తెలిసీ, ఒక బొట్టుకోసం ఊరుకున్నాడు ఈ మొద్దు మనిషి. ముప్పై ఏళ్లు సవతి మీద ఏడ్చింది ఎందుకో ఆమెకు గుర్తు రాలేదు.

కెటిల్ పక్కన పెట్టిన ఆమె నూనె డబ్బాలో నూనె కరిగి తేటగా ఉంది. కిష్టవ్వ మూత తీసింది.

"చెయ్యి ఇటు తే" అంది. "వచ్చే దసరకు దానికి ఉత్త బొట్టే. నూనె నీకే."